అనుకరణమా? రూపణమా? : కాంతి జాలకాలలో అయస్కాంత క్రమం – ఒక పరిభాషా విమర్శ

వ్యాససంగ్రహం:

లేజరు కాంతితో ఏర్పరచిన జాలకంలో అతిశీతల పరమాణువులను నిలిపి, వాటిలో అయస్కాంత క్రమాన్ని సాధించడం ఈ శతాబ్దపు భౌతికశాస్త్రంలో ఒక ప్రధాన ప్రయత్నం. ఈ ప్రయోగాలకు 'క్వాంటమ్ సిమ్యులేషన్' అనే పేరు స్థిరపడింది. ఆ మాటకు తెలుగులో వెంటనే తోచే అనువాదం 'అనుకరణ'. భారతీయ రసచర్చలో అనుకరణ వాదం శంకుకుని పేరుతో ప్రతిపాదితమై, భట్టతౌతుని చేతిలో ఖండనకు గురైంది. ఆ ఖండనలోని ప్రశ్నలను కాంతి జాలక ప్రయోగాలకు అన్వయించి, 'అనుకరణ' అనే మాట ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో నిర్ణయించడం, తగిన ప్రత్యామ్నాయాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అయస్కాంత క్రమం, కాంతి జాలకం, అతిశీతల పరమాణువులు, హబ్బర్డ్ నమూనా, అనుకరణ, చిత్రతురగ న్యాయం, సాధారణీకరణం, శాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం:

ఒక శాస్త్రంలో పుట్టిన మాట మరొక భాషలోకి వచ్చేటప్పుడు అర్థాన్నే కాక ఒక వాదాన్ని కూడా వెంటబెట్టుకొని వస్తుంది. 'సిమ్యులేషన్' అలాంటి మాట. ప్రకృతి క్వాంటమ్ స్వభావం కలది కనుక దానిని సిమ్యులేట్ చేసే యంత్రం కూడా అదే స్వభావం కలదై ఉండాలని రిచర్డ్ ఫైన్‌మన్ 1981లో ఒక ఉపన్యాసంలో ప్రతిపాదించారు. 1982లో ఆ ఉపన్యాసం అచ్చయింది. కాంతి జాలకాలలో జరిగే ప్రయోగాలు తమ సార్థకతను చాలా వరకు ఆ ప్రతిపాదనలోనే వెదుక్కుంటాయి. పరమాణువులు ఎలక్ట్రాన్ల వలె, కాంతి స్ఫటికం వలె ప్రవర్తిస్తాయని, అందువల్ల ఘనపదార్థాల రహస్యాలు వాటి ద్వారా తెలుస్తాయని ఈ రంగంలోని వివరణలు చెబుతాయి.

ఈ 'వలె' అనే మాట మోస్తున్న బరువెంత? తెలుగులో 'అనుకరణ' అన్నప్పుడు ఒక మూలం, దానిని చూసి చేసిన ఒక ప్రతి ఉన్నాయని పాఠకుడు గ్రహిస్తాడు. ఇక్కడ మూలమేది? దానిని చూసినవారెవరు? ఈ ప్రశ్నలు అలంకారశాస్త్ర విద్యార్థికి పరిచితమైనవే. ప్రాచీన గ్రంథాలలో ఆధునిక భౌతికశాస్త్రం దాగి ఉన్నదనడం ఈ వ్యాసం అభిప్రాయం కాదు. అనుకరణ అనే భావనను నిశితంగా పరీక్షించిన ఒక విమర్శ సంప్రదాయం తెలుగు పరిశోధకులకు అందుబాటులో ఉన్నది కనుక, పరిభాషా నిర్ణయంలో దానిని వినియోగించుకోవచ్చుననడమే ఇక్కడి ప్రతిపాదన.

2. అనుకరణ వాదం – ఖండన:

భరతుని రససూత్రానికి వ్యాఖ్యానం చేసిన శంకుకుని గ్రంథం నేడు లభ్యం కాదు. ఆయన మతం అభినవగుప్తుని 'అభినవభారతి' ద్వారానే తెలుస్తున్నది. దాని ప్రకారం నటుడు అనుకర్త, రాముడు అనుకార్యుడు. నటునిలో కనిపించే చిహ్నాల ద్వారా సామాజికుడు స్థాయిభావాన్ని అనుమానిస్తాడు. ఆ స్థాయి నిజంగా నటునిది కాదు, అనుకృతమైనది. నటుని చూసి 'ఇతడు రాముడు' అనుకోవడం యథార్థజ్ఞానం కాదు, భ్రాంతి కాదు, సంశయం కాదు, సాదృశ్యజ్ఞానమూ కాదు. చిత్రంలోని గుర్రాన్ని 'ఇది గుర్రం' అనుకోవడం వంటిది. ఇదే చిత్రతురగ న్యాయం.

అభినవగుప్తుని గురువైన భట్టతౌతుడు ఈ మతాన్ని పలు కోణాల నుంచి ఖండించాడు. అనుకరణ అనే ప్రతీతి ఎవరిది? సామాజికునిదా, నటునిదా, విషయాన్ని వివేచించే వ్యాఖ్యాతదా, లేక భరతుని వచనాన్ని బట్టి చెబుతున్నదా? ఒకదానిని మరొకదానికి అనుకరణ అనాలంటే మూలం ముందుగా ప్రత్యక్షం కావాలి. రాముని రతిని చూసినవారు సామాజికులలోనూ లేరు, నటులలోనూ లేరు. అనుకరణ అంటే 'సదృశంగా చేయడం' అయితే చూడని దానికి సదృశంగా చేయడం పొసగదు. 'తరువాత చేయడం' అయితే లోకంలో జరిగే ప్రతి పనీ అనుకరణే అవుతుంది. చిత్రం విషయంలో కూడా సిందూరాది వర్ణాలు నిజమైన జంతువును వెల్లడించవనీ, ఆ జంతువు అవయవాల కూర్పును పోలిన ఒక సన్నివేశాన్ని మాత్రమే ఏర్పరుస్తాయనీ తౌతుడు వివరించాడు.

ఈ చర్చ నుంచి మూడు ప్రశ్నలను గ్రహించవచ్చు: అనుకార్యం ఏది? అది ముందుగా తెలిసినదేనా? పోలిక దేనిలో ఉన్నది, ద్రవ్యంలోనా, కూర్పులోనా?

3. అనుకార్యం – ఘనపదార్థంలోని క్రమం:

ఇనుము వంటి ఫెర్రో అయస్కాంత పదార్థంలో పరమాణువుల స్పిన్‌లు ఒకే దిశకు మొగ్గుతాయి. యాంటీఫెర్రో అయస్కాంత పదార్థంలో పక్కపక్క స్పిన్‌లు వ్యతిరేక దిశలలో నిలుస్తాయి. చదరంగపు పలకలో నలుపు, తెలుపు గడుల వలె క్రమం ఉంటుంది కాని మొత్తం మీద అయస్కాంతత్వం రద్దయిపోతుంది. ఈ విధమైన క్రమాన్ని 1930లలో లూయీ నీల్ సిద్ధాంతీకరించారు. ఆ కృషికి 1970లో నోబెల్ బహుమతి లభించింది. బయటికి కనిపించని ఈ క్రమాన్ని 1949లో షల్, స్మార్ట్ మాంగనీస్ ఆక్సైడుపై న్యూట్రాన్ వివర్తనం ద్వారా నిరూపించారు.

స్పిన్‌లు ఇలా వరుసలో నిలవడానికి కారణం చిన్న చిన్న అయస్కాంతాల పరస్పర ఆకర్షణ కాదు. ఆ బలం చాలా స్వల్పం. విద్యుత్ వికర్షణ, పౌలీ నియమం కలసి పుట్టించే వినిమయ ప్రభావమే అసలు కారణమని 1928లో హైసెన్‌బర్గ్ గుర్తించారు. దీనిని అతి తక్కువ సామగ్రితో చెప్పే నమూనా 1963 నాటి జాన్ హబ్బర్డ్ నమూనా. అందులో రెండే శక్తులు: కణం ఒక గూటి నుంచి పక్క గూటికి వెళ్లడాన్ని కొలిచే గెంతు శక్తి, ఒకే గూటిలో చేరిన రెండు కణాల మధ్య వికర్షణ శక్తి. వికర్షణ బలంగా ఉండి గూటికొక కణం ఉన్నప్పుడు కణాలు కదలలేవు. అయినా పక్క గూటిలో వ్యతిరేక స్పిన్ ఉంటే కణం అక్కడికి క్షణకాలం తొంగిచూసి రాగలదు. ఒకే స్పిన్ అయితే పౌలీ నియమం అడ్డుపడుతుంది. ఈ తేడా వల్ల వ్యతిరేక స్పిన్‌ల అమరికకు శక్తి తగ్గుతుంది. గెంతు శక్తి వర్గాన్ని నాలుగుతో గుణించి వికర్షణ శక్తితో భాగిస్తే వచ్చేదే వినిమయ శక్తి.

1986లో బెడ్‌నోర్జ్, ముల్లర్ రాగి ఆక్సైడులలో అధిక ఉష్ణోగ్రతా అతివాహకత్వాన్ని కనుగొన్న తరువాత ఈ నమూనాకు ప్రాధాన్యం పెరిగింది. ఆ పదార్థాల మూల సంయోగాలు యాంటీఫెర్రో అయస్కాంతాలు. వాటిలో కొన్ని ఎలక్ట్రాన్లను తొలగించి రంధ్రాలు ఏర్పరిస్తే అతివాహకత్వం పుడుతుంది. ఫిలిప్ ఆండర్సన్ 1987లో ఈ అతివాహకత్వానికి హబ్బర్డ్ నమూనాతో సంబంధాన్ని ప్రతిపాదించారు. అయితే ఆ నమూనా ఒక్కటే పదార్థాన్ని పూర్తిగా వివరించగలదా అన్నది వేరే ప్రశ్న.

కనుక అనుకార్యాలు రెండు. ఒకటి పదార్థం, రెండవది నమూనా. పదార్థం ఇతివృత్తం అనుకుంటే నమూనా దాని నుంచి కవి ఎంచుకొన్న కథాభాగం. కాంతి జాలకం రంగం మీదికి తెచ్చేది రెండవదానినే.

4. అనుకర్త – కాంతి జాలకం:

ఎదురెదురుగా వచ్చే రెండు లేజరు కిరణాలు కలిస్తే స్థిర తరంగం ఏర్పడుతుంది. కాంతి పౌనఃపున్యం పరమాణువు అనునాద పౌనఃపున్యం కంటె తక్కువగా ఉంటే పరమాణువులు వెలుగు ఎక్కువగా ఉన్న చోటికి ఆకర్షింపబడతాయి. మూడు దిశలలో ఇలాంటి తరంగాలను ఏర్పరిస్తే గూళ్లతో నిండిన జాలకం సిద్ధమవుతుంది. 1064 నానోమీటర్ల కాంతి వాడితే గూళ్ల మధ్య దూరం 532 నానోమీటర్లు. ఇది స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరానికి వెయ్యి రెట్ల పైమాట. లేజరు తీవ్రతను మార్చి గెంతు శక్తిని, అయస్కాంత క్షేత్రాన్ని మార్చి వికర్షణ శక్తిని సవరించవచ్చు. ఘనపదార్థంలో ప్రకృతి నిర్ణయించినవి ఇక్కడ ప్రయోక్త చేతిలో ఉంటాయి.

ఈ రంగస్థలాన్ని 1998లో జాక్ష్, జోలర్ తదితరులు సిద్ధాంతపరంగా ప్రతిపాదించారు. 2002లో మ్యూనిక్‌లో గ్రైనర్, బ్లోఖ్ తదితరులు రుబీడియం పరమాణువులతో అతిద్రవం నుంచి మాట్ బంధక స్థితికి మార్పును చూపించారు. 2008లో జ్యూరిక్, మైంజ్ బృందాలు ఫెర్మియాన్లతో మాట్ బంధక స్థితిని సాధించాయి. కణాలు గూళ్లలో నిలిచినంత మాత్రాన స్పిన్‌లకు క్రమం రాదు. దానికి మరింత శీతలీకరణ కావాలి. 2013లో జ్యూరిక్ బృందం పక్కపక్క గూళ్లకు పరిమితమైన అయస్కాంత సంబంధాలను చూపింది. 2015లో రైస్ విశ్వవిద్యాలయ బృందం లిథియం పరమాణువులతో త్రిమితీయ జాలకంలో నీల్ ఉష్ణోగ్రతకు 1.4 రెట్ల దాకా దిగివచ్చింది. 2017లో హార్వర్డ్ బృందం సుమారు 80 గూళ్ల ద్విమితీయ జాలకంలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వ్యాపించిన క్రమాన్ని చిత్రీకరించింది. 2024లో చైనా విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయ బృందం సుమారు 8 లక్షల గూళ్లు గల త్రిమితీయ జాలకంలో యాంటీఫెర్రో అయస్కాంత స్థితిమార్పునే పరిశీలించింది.

ఈ ప్రయోగాలన్నింటిలో 'స్పిన్' పాత్రను ధరించేది ఎవరు? లిథియం ప్రయోగాలలో పరమాణువుకుండే రెండు అంతర్గత శక్తిస్థితులు ఎగువ, దిగువ స్పిన్‌లుగా నటిస్తాయి. 2011లో హాంబర్గ్ బృందం త్రికోణ జాలకంలో చూపిన అయస్కాంత క్రమంలో రుబీడియం సంఘనితం దశాకోణమే స్పిన్ దిశ. అదే ఏడు హార్వర్డ్ బృందం వాలుగా ఉంచిన జాలకంలో చూపిన స్పిన్ శృంఖలలో పరమాణువు తన గూటిలో ఉన్నదా, పక్క గూటికి జారిందా అన్నదే స్పిన్. ఒకే పాత్రకు ముగ్గురు నటులు, మూడు ఆహార్యాలు. వీటిలో దేనినీ ఇనుపముక్క దగ్గర ఉంచి అయస్కాంతమని పరీక్షించలేము. అయినా లిథియం జాలకంలో క్రమాన్ని పుట్టించేది ఘనపదార్థంలో ఉన్న వినిమయ ప్రభావమే. అక్కడ 'అయస్కాంత' అనే విశేషణం కారణ సామ్యం చేత సమర్థనీయం. హాంబర్గ్ ప్రయోగంలో ఆ కారణ సామ్యం కూడా లేదు, సమీకరణ సామ్యమే ఉన్నది. ఒకే పేరు కింద ఉన్న ఈ తారతమ్యాన్ని 'అనుకరణ' అనే మాట చెప్పలేదు.

5. లింగం – అనుమానం:

శంకుకుని మతంలో స్థాయిభావం ప్రత్యక్షం కాదు, లింగాల ద్వారా అనుమేయం. కాంతి జాలకంలో కూడా క్రమం లింగాల ద్వారానే తెలుస్తుంది. రైస్ ప్రయోగంలో కాంతి చెదిరిన తీరు లింగం. సూక్ష్మదర్శిని ప్రయోగాలలో ఒక్కొక్క గూటి చిత్రమే లింగం. చిత్రం అనగానే ప్రత్యక్షమని భావించే అవకాశమున్నది కనుక ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. ఒక పద్ధతిలో ఒక స్పిన్ స్థితిలోని పరమాణువులను కాంతితో తొలగించి, మిగిలినవాటిని చిత్రీకరిస్తారు. ఖాళీగా కనిపించిన గూటిలో తొలగించిన స్పిన్ ఉండి ఉండవచ్చు. మొదటి నుంచి ఖాళీయే కావచ్చు. రెండు పరమాణువులు ఉండి చిత్రీకరణ సమయంలో జంటగా తప్పుకొని ఉండవచ్చు. మంచును చూసి పొగ అని భ్రమపడి నిప్పును అనుమానించే దోషానికి ఇక్కడ అవకాశమున్నది. రెండు స్పిన్‌లను విడివిడిగా తొలగించి, తొలగించకుండా కూడా చిత్రాలు తీసి, వేల చిత్రాల సగటుతో ఆ దోషాన్ని పరిహరిస్తారు. అంటే తెరమీద కనిపించే చదరంగపు పలక ఒక చక్కని చిత్రమే కాని, క్రమానికి ప్రమాణం ఆ చిత్రం కాదు. దాని వెనుక ఉన్న గణనమే ప్రమాణం.

దీర్ఘపరిధి క్రమం అనే మాట విషయంలోనూ ఇదే వివేకం అవసరం. ద్విమితీయ హైసెన్‌బర్గ్ అయస్కాంతంలో పరమశూన్యం కంటె ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద నిజమైన దీర్ఘపరిధి క్రమం ఉండదని 1966లో మెర్మిన్, వాగ్నర్ నిరూపించారు. 2017 ప్రయోగంలో కనిపించిన క్రమం జాలకం అంతటా వ్యాపించడానికి ఒక కారణం ఆ జాలకం చిన్నది కావడం. ఇది ప్రయోగానికి లోపం కాదు. కాని 'అయస్కాంతం తయారైంది' అనే వాక్యానికి, 'జాలకం పరిమాణం మేరకు క్రమం వ్యాపించింది' అనే వాక్యానికి ఉన్న అంతరాన్ని అనువాదకుడు పాటించవలసి ఉన్నది.

6. 'అతిశీతల' అనే విశేషణం:

ఈ పరమాణువుల ఉష్ణోగ్రత కెల్విన్‌లో వందకోట్లవ వంతుల స్థాయిలో ఉంటుంది. అందుకే వీటిని విశ్వంలోని అత్యంత శీతల పదార్థాల కోవలో పేర్కొంటారు. అయితే క్రమం ఏర్పడుతుందా లేదా అన్నది ఉష్ణోగ్రత సంఖ్య మీద కాక, గెంతు శక్తితో దాని నిష్పత్తి మీద ఆధారపడుతుంది. 2017 ప్రయోగంలో ఆ నిష్పత్తి 0.25. రాగి ఆక్సైడులలో గెంతు శక్తి సుమారు 0.4 ఎలక్ట్రాన్ వోల్టులు, ఉష్ణోగ్రతగా మారిస్తే 4 వేల కెల్విన్లకు పైమాట. అందులో నాలుగోవంతు వెయ్యి కెల్విన్లు దాటుతుంది. అనగా రాగి ఆక్సైడు ప్రమాణంతో చూస్తే ఆ 'అతిశీతల' వాయువు కొలిమి వేడిమిలో ఉన్నట్లే. ఆ పదార్థాలలో అతివాహకత్వం కనిపించేది వంద కెల్విన్ల పరిసరాలలో. విశేషణం అబద్ధం కాదు. కాని అది విషయానికి అక్కరలేని కొలతను ముందుకు తెచ్చి, అవసరమైన కొలతను మరుగుపరుస్తున్నది.

7. తౌతుని ఆక్షేపణ ఎక్కడ వర్తిస్తుంది?:

గూటికొక కణం చొప్పున ఉన్న స్థితిలో హబ్బర్డ్ నమూనాను సాధారణ గణకయంత్రాలతో కచ్చితంగా లెక్కించే పద్ధతులున్నాయి. ఆ లెక్కలతో ప్రయోగాన్ని పోల్చవచ్చు. ఇక్కడ అనుకార్యం ముందే తెలుసు కనుక అనుకరణ అనే ప్రతీతికి ఆధారముంది. తౌతుని ఆక్షేపణకు ఇక్కడ సమాధానం లభిస్తుంది.

రంధ్రాలు చేరినప్పుడు పరిస్థితి మారుతుంది. అక్కడ సంజ్ఞా సమస్య అనే గణన సంకటం వల్ల ఉష్ణోగ్రత తగ్గిన కొద్దీ ఆ పద్ధతులు విఫలమవుతాయి. నమూనా ఏమి చెబుతుందో ముందుగా చూసినవారు లేరు. అతివాహకత్వ రహస్యం ఉన్నదనుకొనే ప్రాంతమూ అదే. అంటే ఈ యంత్రం ఎక్కడ ఎక్కువగా అవసరమో సరిగ్గా అక్కడే 'అనుకరణ' అనే మాటకు ఆధారం లోపిస్తుంది. చూడని రామునికి సదృశంగా చేయడమెలా అన్న తౌతుని ప్రశ్న అక్కడ పూర్తిగా నిలుస్తుంది. అక్కడ జరిగేది అనుకరణ కాదు, నమూనా ఫలితం మొదటిసారిగా వెల్లడి కావడం. ప్రయోగం విశ్వసనీయత మూలంతో పోల్చడం వల్ల కాక, తెలిసిన స్థితులలో దాని నడవడి, వేర్వేరు బృందాల ఫలితాల ఏకత్వం వల్ల సిద్ధించాలి.

పదార్థం విషయంలో దూరం ఇంకా ఎక్కువ. కాంతి జాలకం కంపించదు. ఘనపదార్థపు జాలకం కంపిస్తుంది. ఇక్కడ వికర్షణ ప్రధానంగా ఒకే గూటికి పరిమితం. అక్కడ విద్యుత్ బలం దూరానికి వ్యాపిస్తుంది. అక్కడి మలినాలు ఇక్కడ లేవు. ఈ లేమి ఒక విధంగా గుణమే, ఏ అంశం దేనికి కారణమో విడదీసి చూడవచ్చు. కాని జాలకంలో కనిపించిన ఫలితాన్ని పదార్థానికి నేరుగా ఆరోపించే అధికారం దీనివల్ల రాదు.

8. సాధారణీకరణం:

పోలిక ద్రవ్యంలో కాక కూర్పులో ఉన్నదన్న తౌతుని మాట ఇక్కడ ఫలవంతమవుతుంది. 2024 ప్రయోగంలో స్థితిమార్పు దగ్గర స్పిన్ నిర్మాణాంకం పెరిగిన తీరు హైసెన్‌బర్గ్ వర్గానికి చెందిన 1.396 అనే ఘాతాంకానికి అనుగుణంగా ఉన్నది. ఈ సంఖ్య లిథియానికి చెందినది కాదు, కాంతికి చెందినదీ కాదు. దేశం ఎన్ని దిశలు కలది, స్పిన్ ఏ సౌష్ఠవం కలది అనే రెండు విషయాల మీదనే ప్రధానంగా అది ఆధారపడుతుంది. ఆ వర్గానికి చెందిన అయస్కాంతం ఏ పదార్థంతో చేసినదైనా ఘాతాంకం అదే.

భట్టనాయకుడు ప్రతిపాదించి అభినవగుప్తుడు స్వీకరించిన సాధారణీకరణం ఇక్కడ గుర్తుకు రావడం సహజం. రామత్వం, నటత్వం అనే విశేషాలు తొలగి భావం సాధారణమై భాసించినట్లు, స్థితిమార్పు దగ్గర లిథియం, మాంగనీస్ అనే విశేషాలు తొలగి క్రమం సాధారణ రూపంలో కనిపిస్తుంది. అయితే ఈ పోలికకు హద్దు ఉన్నది. విశేషాలు తొలగేది స్థితిమార్పు సమీపంలోనే. దానికి దూరంగా ప్రతి పదార్థమూ తన విశేషాలతోనే ప్రవర్తిస్తుంది. సహృదయుని అనుభవానికి, యంత్రం కొలిచిన సంఖ్యకు ఉన్న భేదమూ చిన్నది కాదు. ఈ పోలిక నిరూపణ కాదు, సరైన మాటను వెదకడానికి ఆలంబనం మాత్రమే.

9. పరిభాషా సూచన:

'అనుకరణ'కు బదులుగా 'రూపణం' అనే మాటను పరిశీలించవచ్చు. ధనంజయుడు 'దశరూపకం'లో నాట్యానికి రూపకమనే పేరు ఆరోపం వల్ల వచ్చిందని వివరించాడు. రూపకాలంకారంలో కూడా భేదం తెలిసి ఉండే బుద్ధిపూర్వకంగా అభేదాన్ని ఆరోపిస్తారు. పరమాణువు ఎలక్ట్రాన్ కాదని తెలిసే ఆ పాత్రను దానికి ఆరోపించడం ఈ ప్రయోగాల స్వభావం. రూపణానికి మూలాన్ని ముందుగా చూడవలసిన అవసరం లేదు. పాత్ర లక్షణాలు తెలిస్తే చాలు. 'నమూనా రూపణం' అంటే రూపితమయ్యేది పదార్థం కాదు, నమూనా అని కూడా స్పష్టమవుతుంది. 'రూపకల్పన' అనే మాటతో గందరగోళం కలిగే అవకాశం ఉన్నది కనుక మొదటి ప్రయోగంలో నిర్వచనం ఇవ్వడం అవసరం. సరిచూసిన స్థితులకు మాత్రం 'అనుకరణ'ను నిలుపుకోవచ్చు.

10. ముగింపు:

• కాంతి జాలకంలోని అయస్కాంత క్రమం రూపించేది ఘనపదార్థాన్ని కాదు, హబ్బర్డ్ నమూనాను. నమూనాకు, పదార్థానికి గల సంబంధం వేరుగా నిరూపించవలసినది.

• గూటికొక కణం ఉన్న స్థితిలో 'అనుకరణ' అనే మాట చెల్లుతుంది. రంధ్రాలు చేరిన స్థితిలో, ముఖ్యంగా తక్కువ ఉష్ణోగ్రతల వద్ద, భట్టతౌతుని ఆక్షేపణ వర్తిస్తుంది.

• 'స్పిన్', 'అతిశీతల', 'దీర్ఘపరిధి క్రమం' అనే మాటలు ప్రయోగాన్ని బట్టి అర్థం మారేవి. అనువాదంలో ఆ తేడాను వాక్యంలోనే చెప్పాలి.

• ఈ ప్రయోగాల బలం పోలికలో కంటె, స్థితిమార్పు దగ్గర ద్రవ్య విశేషాలు తొలగిపోవడంలో ఉన్నది.

• శాస్త్ర పరిభాషా నిర్మాణం మాటకు మాట వెదకడంతో ముగిసేది కాదు. ఆ మాట మోసే వాదాన్ని పరీక్షించడం కూడా అందులో భాగం. ఆ పరీక్షకు తెలుగు సాహిత్య విద్యార్థి చదివే రసచర్చ తగిన సాధనం కాగలదు.